ట్యూబ్‌లెస్ రోడ్ టైరు ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

ఎదురుగాలి
నా రోడ్డు సైకిల్ వెనక టైరు నాలుగు వేల కిలోమీటర్లు దాటింది. 28 ఎంఎం వెడల్పు ట్యూబ్‌లెస్, అంటే లోపల ట్యూబు లేకుండా, చిల్లులు మూసే సీలెంట్ ద్రవం పోసి వాడేది. పైపైన చూస్తే బాగానే ఉంది గానీ నడిమధ్య గుండ్రం పోయి బల్లపరుపుగా అయింది. ఈమధ్య చిన్న చిన్న చిల్లులకే సీలెంట్ చిమ్ముతోంది, ఆగడానికి చాలాసేపు పడుతోంది. ఇదివరకు ఇంటికొచ్చి బండి తుడుస్తుంటే తప్ప పంక్చర్ అయిందని కూడా తెలిసేది కాదు. తేడా సీలెంట్‌లో ఉందా, టైరులో ఉందా? నాతో తొక్కేవాళ్లలో ఒకాయన మూడు వేలకే తీసి పారేయమంటాడు, ఇంకొకాయన ఎనిమిది వేలు లాగించానంటాడు. ఎవరి మాట వినాలి?

బక్కటైరు
మూడు వేలు. కళ్లు మూసుకుని మార్చేయండి.

చైన్‌మామ
కళ్లు మూసుకోవడం ఎందుకు, తెరిచి టైరు వైపు చూస్తే సరిపోయేదానికి?

పెడల్‌పురాణం
ఆ ఇద్దరూ నిజమే చెప్తూ ఉండొచ్చు. పోటీల కోసం చేసిన పలచటి టైరు రెండున్నర, మూడు వేలకే చేతులెత్తేస్తుంది. రోజువారీకి, దూరాలకు చేసిన మందపాటి టైరు ఏడెనిమిది వేలు పోవడం వింతేం కాదు. మనిషి బరువు, రోడ్డు, గాలి ఎంత కొడతారు, బ్రేకు ఎలా పడతారు, ఇవన్నీ కలిస్తే ఒకే టైరు ఇద్దరి దగ్గర రెండింతల తేడాతో అరుగుతుంది. కిలోమీటర్ల లెక్క ‘ఇక గమనించడం మొదలుపెట్టు’ అని గుర్తు చేయడానికే పనికొస్తుంది.

గ్రీజుచేతులు
ముందు సీలెంట్ సంగతి తేల్చుకోండి, టైరు సంగతి తర్వాత. చక్రం విప్పి చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల ద్రవం కదులుతున్న చప్పుడు రావాలి. నమ్మకం కలగకపోతే వాల్వ్ కోర్ (గాలి ఆపే లోపలి పిన్ను) తీసి, వాల్వ్‌ని కిందికి తిప్పి, సన్నటి జిప్ టై లోపలికి దూర్చి చూడండి. తడి అంటుకుంటే ఉన్నట్టు. రోడ్డు టైరులో మనం పోసేదే ముప్పై, నలభై మిల్లీలీటర్లు. అందులో కొంత లోపలి గోడలకు పూతలా అంటుకుపోతుంది. లేటెక్స్ సీలెంట్ వాతావరణాన్ని బట్టి రెండు నెలల నుంచి ఆరు నెలల్లో ఆరిపోతుంది, వేడి ఎక్కువుంటే ఇంకా తొందరగా.

తడి ఉండి కూడా చిమ్ముతోందంటే అప్పుడు టైరు మీద అనుమానపడాలి. చిల్లు పడ్డప్పుడు సీలెంట్‌లోని లేటెక్స్, అందులో కలిపిన సన్నటి పలుకులు, పీచు ఆ దారిలోకి వెళ్లి ఇరుక్కుని బిరడా కడతాయి. ట్రెడ్, అంటే నేలను తాకే రబ్బరు, మందంగా ఉంటే ఆ దారి కాస్త పొడుగ్గా ఉంటుంది, బిరడా నిలబడడానికి చోటు దొరుకుతుంది. అరిగి పలచబడితే దానికి పట్టు దొరకదు. పైగా మనది కొండబాట సైకిల్ కాదు, ఇరవై పాతిక పీఎస్ఐ గాలి ఒత్తిడితో సరిపెట్టుకోవడానికి. అరవై, డెబ్బై పీఎస్ఐ గాలి అప్పుడే కట్టిన బిరడాను బయటికి తన్నేస్తుంది. ట్యూబు ఉన్న టైరైతే రబ్బరు కింది దారాలు కనపడేదాకా లాగేవాళ్లు ఉన్నారు, అదీ మంచిది కాదనుకోండి. ట్యూబ్‌లెస్ ఆయుష్షు మాత్రం అంతకన్నా ముందే అయిపోతుంది. దారాలు బయటపడకపోయినా, రబ్బరు సీలెంట్‌ని పని చేయనివ్వని స్థితికి వచ్చిందంటే ఆ టైరు పని అయిపోయినట్టే.

లావుటైరు
గ్రీజుచేతులు గారు చెప్పింది ఎక్కువ గాలికి నిజం. నాది 32 ఎంఎం, వెనక యాభై పీఎస్ఐ లోపే. ఏడు వేలు దాటింది, ఇప్పటికీ ముల్లు దిగితే రెండు చుట్లు తిరిగేలోపు మూసుకుంటుంది. టైరు కన్నా ముందు మీరు గాలి ఎంత కొడుతున్నారో చెప్పండి.

ఎదురుగాలి
వెనక 85, ముందు 80. నా బరువు డెబ్బై పైచిలుకు.

లావుటైరు
అమ్మో.

పెడల్‌పురాణం
28 ఎంఎంకి ఆ బరువుతో 85 చాలా ఎక్కువ. ట్యూబు వాడిన రోజుల అలవాటు అనుకుంటా. అరవై, డెబ్బై మధ్యకి దించి తొక్కి చూడండి. గాలి ఎక్కువైతే టైరు నేలను నడిమధ్యలోనే తాకుతుంది, ఆ ఒక్క గీతే అరుగుతుంది. గాజుపెంకు మీదికి ఎక్కినా ఒంగి సర్దుకోదు, తెగుతుంది. అలాగని మరీ దించేసినా ఇబ్బందే, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) అస్తమానం మడత పడి కేసింగ్, అంటే రబ్బరు కింది దారాల అల్లిక, అలిసిపోతుంది, గుంటలో పడితే రిమ్ అంచు కొడుతుంది.

గ్రీజుచేతులు
ఇంకో మాట. మీ రిమ్ హుక్‌లెస్ (టైరు అంచును పట్టి ఉంచే కొక్కెం లేని రకం) అయితే 85 అన్నది ఎక్కువా తక్కువా అన్న చర్చే లేదు. హుక్‌లెస్ రోడ్డు రిమ్‌కి గరిష్ఠం 5 బార్, అంటే దాదాపు 72.5 పీఎస్ఐ. రిమ్ మీదో టైరు మీదో ఇంకా తక్కువ అంకె రాసి ఉంటే ఆ తక్కువదే లెక్క. ముందు అది చూడండి.

ఎదురుగాలి
హుక్ ఉన్న రిమ్మే. ఇప్పుడే చూశాను.

వాట్‌మీటర్
నేను కొత్త టైరు వేసే ముందు వంటింటి త్రాసు మీద తూస్తాను. తీసేటప్పుడు మళ్లీ తూస్తాను. ఎంత రబ్బరు పోయిందో గ్రాముల్లో తెలుస్తుంది.

చైన్‌మామ
టైరు తగ్గిన గ్రాములు సరే వాట్‌మీటరూ, ఆ త్రాసు మీద మన గ్రాములు ఎప్పుడు చూసుకుందాం?

సీలెంట్‌సుబ్బడు
తూకం ట్యూబ్‌లెస్‌కి కుదరదు. లోపల ఎండిన సీలెంట్ పొరలు పొరలుగా ఉంటుంది. రబ్బరు తగ్గిన బరువు, సీలెంట్ పెరిగిన బరువు ఒకదాన్నొకటి కప్పేస్తాయి. మొన్న ఒక టైరు తీస్తే లోపల గోళీ అంత లేటెక్స్ ముద్ద దొర్లుతూ దొరికింది.

వాట్‌మీటర్
గీకి, కడిగి, ఆరబెట్టి తూస్తాను.

చైన్‌మామ
అంత ఓపికుంటే నడిచి వెళ్లొచ్చు.

తెల్లారిరైడు
అసలు చూడాల్సినదాని గురించి ఎవరూ చెప్పట్లేదే. చాలా టైర్లకు ట్రెడ్ మీద అరుగుదల గుర్తులు ఉంటాయి. కాంటినెంటల్ గ్రాండ్ ప్రీ 5000 లాంటి వాటికి గుండుసూది తల కన్నా కాస్త పెద్ద గుంటలు రెండు ఉంటాయి, పక్కన టీడబ్ల్యూఐ అని అచ్చు ఉంటుంది. ఆ గుంటలు కనపడకుండా పోయాయంటే మార్చమనే. వాటిలో మట్టి, ఎండిన సీలెంట్ నిండి మూసుకుపోయినట్టు కనపడుతుంది, కాబట్టి సూదితో గీకి చూడాలి. గుర్తులు లేని టైర్లూ ఉన్నాయి, వాటికి కంటిచూపే దిక్కు.

ఎదురుగాలి
తెల్లారిరైడు గారూ, నా టైరుకీ అలాంటి గుంటలే ఉన్నాయి. సూదితో గీకాను. ఒకటి పూర్తిగా పోయింది, రెండోది వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకుంటే నీడలా కనిపిస్తోంది. ముందు టైరులో రెండూ లోతుగా ఉన్నాయి. సీలెంట్ కూడా చూశాను, జిప్ టై తడిగానే వచ్చింది.

తర్వాత గాలి తీసేసి బొటనవేళ్లతో ట్రెడ్‌ని ఒంచుతూ చుట్టూ చూశాను. మామూలుగా కనపడని గాట్లు ఒంచితే నోళ్లు తెరిచాయి. ఒకదాంట్లో మెరుస్తూ గాజుపలుకు, ఆవగింజంత. పట్టుకారుతో లాగితే దాని వెనకే సీలెంట్ చుక్క ఊరింది. అంటే అది లోపలిదాకా వెళ్లి తనే బిరడాలా కూర్చుంది. ఇంకో గాటులో అడుగున రబ్బరు రంగు కాకుండా వేరే రంగు అల్లిక కనపడుతోంది.

గ్రీజుచేతులు
ఆ అల్లిక పంక్చర్లు ఆపే బెల్టో, కేసింగ్ దారాలో అయ్యుంటుంది. ఏదైనా తీర్పు అదే. ఒక గుంట పోయింది, గాటులో అల్లిక కనపడింది, సీలెంట్ తడిగా ఉన్నా చిమ్ముతోంది. ఇంకేం సాక్ష్యం కావాలి? వెనకది మార్చండి. ముందుది ఉంచండి.

బక్కటైరు
మూడు వేలకే మార్చమన్నాను కదా.

చైన్‌మామ
నువ్వు మాత్రం టైరు చూడకుండానే అన్నావు. జాతకం చూసి పెళ్లి కుదిర్చినట్టు.

బక్కటైరు
నవ్వితే నవ్వండి. దిగువకు డెబ్బై దాటిన వేగంలో దూసుకుపోయేటప్పుడు ‘ఇంకో ఐదొందలు లాగొచ్చులే’ అనుకున్న టైరు మీద నేను కూర్చోలేను. ఆ టెన్షన్ కన్నా కొత్త టైరు నయం. గ్రాములు తూచేంత తీరిక నాకు లేదు, ఒక అంకె పెట్టుకున్నాను, దాటగానే మార్చేస్తాను. దీనివల్ల ఎవరికి నష్టం?

లావుటైరు
నష్టమేం లేదు, కాకపోతే సగం ఆయుష్షున్న రబ్బరు చెత్తబుట్టలోకి పోతుంది. పైగా అంకెను నమ్ముకుంటే ఎదురు ప్రమాదం కూడా ఉంది. ఐదొందల కిలోమీటర్లకే సైడ్‌వాల్ తెగినా, మూడు వేలు కాలేదు కదా అని తిరుగుతారు.

బక్కటైరు
సైడ్‌వాల్ తెగితే నేనూ మారుస్తాను లెండి. అంత అంకెల భక్తుణ్ణి కాను.

రెండుచక్రాలు
వెనకది తొందరగా అరుగుతుంది కాబట్టి ముందుదీ వెనకదీ మధ్యలో ఒకసారి అటూ ఇటూ మార్చి వేస్తే రెండూ సమంగా అరుగుతాయి కదా? కార్లకు చేస్తారుగా.

గ్రీజుచేతులు
వద్దు. కారుకు నాలుగు చక్రాలు, సైకిల్‌కి రెండు. బరువులో సుమారు 55 నుంచి 60 శాతం వెనక చక్రం మీదే పడుతుంది, తొక్కే బలమంతా దాని నుంచే నేలకు దిగుతుంది. అందుకే ముందుది ఒకటి అరిగేలోపు వెనకవి రెండు అరుగుతాయి, అటూ ఇటూగా. కానీ వెనక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు, ముందు చక్రం జారితే నేల మీదే తేలతాం. అరిగిన వెనక టైరును ముందుకు తెచ్చారంటే ప్రమాదాన్ని హ్యాండిల్ కిందికి తెచ్చుకున్నట్టు. మార్చాలనుకుంటే ముందున్న మంచి టైరును వెనక్కి పంపి, కొత్తది ముందు వేయండి.

సీలెంట్‌సుబ్బడు
సిద్ధాంతం బాగుంది గానీ ట్యూబ్‌లెస్‌లో అదెవరు చేస్తారండీ. రెండు టైర్లు విప్పాలి, రెండిట్లో సీలెంట్ పారబోయాలి, బీడ్ (రిమ్‌లో కూర్చునే టైరు అంచు) చుట్టూ ఎండిపోయినది గీకాలి, లేకపోతే మళ్లీ గాలి నిలబడదు. నేను వెనకది ఒక్కటే మారుస్తాను. రెండో వెనక టైరు అయిపోయినప్పుడు ముందుదీ కలిపి మార్చేస్తాను.

తెల్లారిరైడు
నేనూ అంతే.

పెడల్‌పురాణం
అరిగిన టైరు వానలో జారుతుందని ఎవరూ అనలేదేం? నున్నగా అయిపోయాక పట్టు ఉండదు కదా.

వాట్‌మీటర్
రోడ్డు టైరు కొత్తదే నున్నగా ఉంటుంది! పైన కనపడే గీతలు చాలావరకు అందానికే. కారు టైరు వెడల్పుగా ఉండి, వేగంగా పోతూ, కింద నీటి పొర మీద తేలుతుంది కాబట్టి దానికి గాడులు కావాలి. మన టైరు సన్నం, గాలి ఎక్కువ, నేలను తాకే భాగం పడవ ముక్కులా కోలగా ఉంటుంది, నీళ్లను పక్కకు నెట్టేస్తుంది. సైకిల్ పోయే వేగాల్లో నీటి మీద తేలడం జరగదు.

పెడల్‌పురాణం
తేలడం గురించి కాదు బాబూ నేను చెప్పేది. పాతబడ్డ రబ్బరు గట్టిపడుతుంది. తడి రోడ్డు మీద గట్టి రబ్బరు జారుతుంది. ఇంకోటి, మధ్యలో చదునైన టైరును మలుపులో వాలిస్తే చదునుకీ గుండ్రానికీ మధ్య అంచు మీదికి ఎక్కి, బండి ఒక్కసారిగా పక్కకు పడ్డట్టు అనిపిస్తుంది. ఎదురుగాలి గారికి ఈపాటికి అది తెలిసే ఉంటుంది.

ఎదురుగాలి
అవును! మలుపుల్లో అదోలా ఉంటోంది. హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగ్) వదులైందేమో అనుకుని బిగించాను కూడా.

వాట్‌మీటర్
గట్టిపడడం, అంచు, రెండూ ఒప్పుకుంటాను. గీతలు అరిగిపోవడం మాత్రం కారణం కాదు.

రెండుచక్రాలు
మరి ప్లగ్ (చిల్లులో దూర్చే రబ్బరు ముక్క) వేసిన టైరు? నా వెనక టైరుకి మధ్యలోనే ఒక ప్లగ్ ఉంది, రెండు నెలలుగా గాలి దిగలేదు. మార్చాలా?

గ్రీజుచేతులు
గాలి దిగకపోతే, చుట్టూ ఉబ్బు లేకపోతే తొక్కండి. బయట పొడుచుకొచ్చిన తోకను ట్రెడ్‌కి సమంగా కోసేయండి, లేకపోతే రోడ్డు పట్టుకుని లాగేస్తుంది. ఎప్పుడైనా టైరు విప్పినప్పుడు లోపలివైపు శుభ్రం చేసి ప్యాచ్ వేస్తే ఇంకా నిశ్చింత. ఐదారు మిల్లీమీటర్లు మించిన గాటుకు ప్లగ్ ఇంటికి చేరేవరకే అనుకోండి. సైడ్‌వాల్‌లో ప్లగ్ అయితే ఇంటికి చేరేదాకా కూడా దేవుడి మీద భారం వేయాల్సిందే. అక్కడ ట్రెడ్ ఉండదు, పలచటి కేసింగ్ ఒక్కటే.

తెల్లారిరైడు
ఉబ్బు గురించి గట్టిగా చెప్పాలి. ట్రెడ్ మీదగానీ పక్కనగానీ చిన్న బుడిపె లేచిందంటే లోపల దారాలు తెగాయి, లేదా ట్రెడ్‌కీ కేసింగ్‌కీ మధ్య గాలో సీలెంటో చేరింది. అది ఐదు వందల కిలోమీటర్ల టైరైనా, ఐదు వేలదైనా సరే, మళ్లీ ఎక్కకూడదు. చక్రాన్ని ఖాళీగా తిప్పి బ్రేకు దగ్గర కన్ను పెట్టి చూస్తే బుడిపె దగ్గర టైరు ఎగిరి పడినట్టు కనిపిస్తుంది.

లావుటైరు
సైడ్‌వాల్ నుంచి చెమట పట్టినట్టు సీలెంట్ ఊరుతుంటే?

సీలెంట్‌సుబ్బడు
కొత్త టైరైతే మొదటి కొన్ని రోజులు కొన్నింటికి మామూలే, లోపల పూత పడ్డాక ఆగిపోతుంది. పాత టైరు కొత్తగా ఊరడం మొదలుపెడితే కేసింగ్ అలిసిపోయిందని. రోజూ పొద్దున్నే పంపు పట్టుకోవాల్సి వస్తుంటే అదీ ఒక సూచన. కాకపోతే ఆ నింద టైరు మీద వేసే ముందు వాల్వ్, రిమ్ టేపు చూడాలి. టేపు అంచు లేచి, గాలి స్పోక్ రంధ్రాల్లోంచి పోతుంటే కొత్త టైరు వేసినా అదే కథ.

పెడల్‌పురాణం
ఎదురుగాలి గారూ, టైరు విప్పుతున్నారు కాబట్టి ఎలాగూ టేపు చూడండి. విప్పిన టైరు లోపల చెయ్యి పెట్టి తడుముతారేమో, జాగ్రత్త. సీలెంట్ మూసేసిన ముళ్లన్నీ అక్కడే మొనలు బయటపెట్టి ఉంటాయి. దారిలో ఎప్పుడైనా ట్యూబు వేయాల్సి వచ్చినా ముందు అవి పీకాలి, లేదంటే ట్యూబు నిమిషం నిలవదు.

ఎదురుగాలి
పాతదాన్ని పారేయడమేనా? ట్రైనర్ (ఇంట్లోనే సైకిల్ తొక్కే స్టాండు) మీద వాడుకోవచ్చా?

వాట్‌మీటర్
వెనక చక్రం రోలర్‌కి ఆనే ట్రైనర్ అయితే ట్యూబు వేసి వాడుకోవచ్చు, నల్లటి పొడి మాత్రం బాగా రాలుతుంది. ఆ టైరుతో మళ్లీ రోడ్డెక్కొద్దు.

రెండుచక్రాలు
అటక మీద నాలుగేళ్ల క్రితం కొన్న కొత్త ట్యూబ్‌లెస్ టైరు మడత విప్పకుండా ఉంది. వాడొచ్చా, పాడైపోయి ఉంటుందా?

గ్రీజుచేతులు
చీకట్లో, చల్లగా, మోటార్లకు దూరంగా ఉండి ఉంటే చాలావరకు బాగానే ఉంటుంది. రబ్బరుకు శత్రువులు ఎండ, వేడి, ఓజోన్. ఎలక్ట్రిక్ మోటార్లు నడిచే చోట ఓజోన్ పుడుతుంది, అది రబ్బరును పగలగొడుతుంది. మడత ఉన్న చోట ఒంచి చూడండి. జుట్టంత సన్నటి పగుళ్లు కనపడితే వదిలేయండి, లేకపోతే వేసుకోండి. మీ అటక ఎండకు కాలే రకమైతే నాలుగేళ్లు ఎక్కువే.

రెండుచక్రాలు
ఒంచి చూశాను, పగుళ్లు లేవు. కానీ మడతలు అలాగే బిగుసుకుపోయాయి, బీడ్ ఎనిమిది అంకెలా మెలిపడి ఉంది. ఫ్లోర్ పంపుతో రిమ్ మీద కూర్చోవడం కష్టమనిపిస్తోంది.

సీలెంట్‌సుబ్బడు
ముందు రోజు ట్యూబు వేసి టైరు ఎక్కించి, హద్దు దాటకుండా గాలి కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఒక పక్క బీడ్ మాత్రమే దింపి ట్యూబు లాగేసి, ట్యూబ్‌లెస్ వాల్వ్ పెట్టండి. రెండో పక్క కూర్చునే ఉంటుంది కాబట్టి మీరు నిలబెట్టాల్సింది ఒక్క పక్కే.

లావుటైరు
వాల్వ్ కోర్ తీసి కొట్టండి, గాలి ధారాళంగా పోతుంది. బీడ్‌కి సబ్బునీళ్లు రాయండి.

రెండుచక్రాలు
సీలెంట్ ముందే పోయాలా, బీడ్ కూర్చున్నాకా?

సీలెంట్‌సుబ్బడు
కూర్చున్నాక. వాల్వ్‌లోంచి పోయండి. ముందే పోస్తే నేలంతా తుడుచుకోవాలి.